అమ్మానాన్నల దివ్యాంగ పెన్షన్ ఆపేస్తే అప్పీల్ ఎలా చేయాలి

కొత్త సదరం పరీక్షలో (వైకల్యం ఎంత శాతమో తేల్చే ప్రభుత్వ వైద్య పరీక్ష) నాన్నగారికి 40 శాతం కంటే తక్కువ వచ్చింది కాబట్టి దివ్యాంగ పెన్షన్‌కు అర్హత లేదని నోటీసు వస్తే ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో ఇలాంటి నోటీసులు చాలా ఇళ్లకు వచ్చాయి. ఆ కాగితం చూడగానే "గవర్నమెంటే తీసేసింది, ఇంక మనమేం చేస్తాం" అని పెద్దవాళ్లు ఊరుకుంటారు. తిరిగి అడిగే హక్కు ఉందని చాలామందికి తెలియదు. తెలిసినా ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఉండదు. అందుకే ఇది పిల్లలు దగ్గరుండి చేయించాల్సిన పని.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. డాక్టర్లు శాతం వేసేది జబ్బు పేరును బట్టి కాదు. ఆ జబ్బు వల్ల ఒంట్లో ఏ పని ఎంతవరకు పోయిందన్నదాన్ని బట్టి. "మా నాన్నకు పక్షవాతం వచ్చింది, అయినా పెన్షన్ తీసేశారు" అని అర్జీలో పది లైన్లు రాసినా దానితో శాతం మారదు. ఎడమ చెయ్యి భుజం దాకా లేవడం లేదని, వేళ్లకు పట్టు లేదని చూపిస్తే మారుతుంది. అర్జీ, జత చేసే కాగితాలు, పరీక్ష రోజు చెప్పే మాటలు, మూడూ ఈ పద్ధతిలోనే ఉండాలి.

ముందు నోటీసు చదవండి

పెన్షన్ ఏ కారణంతో ఆపారో చూడండి. కారణాన్ని బట్టి వెళ్లాల్సిన దారి మారిపోతుంది.

శాతం 40 కంటే తగ్గిందంటే అది వైద్య కారణం. సర్టిఫికెట్ తాత్కాలికమైంది, గడువు అయిపోయింది అని ఉంటే మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. పెన్షన్ ఉంచి కేటగిరీ మార్చే నోటీసులు కూడా ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పెన్షన్ పథకం ఎన్టీఆర్ భరోసాలో దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు. పక్షవాతం లాంటి వాటితో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. ఇంట్లో మంచం మీదే ఉండే మనిషిని 15,000 నుంచి 6,000కు మార్చినా అది అప్పీల్ చేయదగ్గ నిర్ణయమే.

కొన్నిసార్లు కారణానికి ఆరోగ్యంతో సంబంధమే ఉండదు. ఇంటి పేరు మీద కారు ఉందని, కరెంటు వాడకం పరిమితి దాటిందని, కుటుంబంలో ఎవరో ఆదాయపు పన్ను కడుతున్నారని రాసి ఉంటుంది. అలాంటప్పుడు ఎన్ని ఎంఆర్ఐ రిపోర్టులు పెట్టినా లాభం లేదు. ఆ మీటరు మీది కాదనో, ఆ కారు అమ్మేశారనో సంబంధిత ఆఫీసు కాగితంతో చూపించాలి.

నోటీసు చేతికి అందిన తేదీని దాని మీదే ఒక మూల రాసి ఫోటో తీసి పెట్టుకోండి. అప్పీల్ గడువు ఎంతో అందులోనే చూడండి. గడువు రాసి లేకపోయినా ఆలస్యం చేయొద్దు, వచ్చే నెల చూద్దామని అసలే అనుకోవద్దు.

అమ్మకో నాన్నకో 60 ఏళ్లు దాటి ఉంటే దివ్యాంగ పెన్షన్ తీసేసి వృద్ధాప్య పెన్షన్‌కు మార్చామని చెప్పొచ్చు. అది నెలకు 4,000. ఏదో ఒకటి వస్తోంది కదా అని చాలా ఇళ్లలో అక్కడితో వదిలేస్తారు. నెలకు 2,000 తేడా మందుల ఖర్చున్న ఇంట్లో చిన్న మొత్తం కాదు. పైగా సర్టిఫికెట్ మీది శాతం పెన్షన్‌కే కాదు, ఇంకా చాలా వాటికి పనికొస్తుంది. శాతం తప్పని మీకు నమ్మకం ఉంటే అప్పీల్ చేయండి.

రెండు సర్టిఫికెట్లూ పక్కపక్కన పెట్టండి

పాత సదరం సర్టిఫికెట్, కొత్తది రెండూ తీయండి. వైకల్యం రకం ఏమని రాశారు, శరీరంలో ఏ భాగం, ఎంత శాతం, శాశ్వతమా తాత్కాలికమా అన్నవి ఒక్కొక్కటే పోల్చండి. కుడి కాలు బదులు ఎడమ కాలు అని పడడం, రకం మారిపోవడం లాంటి తప్పులు ఇక్కడే దొరుకుతాయి.

అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది, ఉన్న వైకల్యాలన్నీ లెక్కలోకి వచ్చాయా అన్నది. పెద్దవాళ్లలో ఒకటే సమస్య ఉండడం అరుదు. నాన్నగారికి కాలు బలహీనమని ఆర్థో డాక్టర్ 30 శాతం వేశారనుకుందాం. ఒక కంటి చూపు కూడా ఎప్పుడో పోయింది, కానీ కంటి డాక్టర్ దగ్గరికి ఎవరూ పంపలేదు. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెండో కన్ను బాగుండి ఒక కన్ను పూర్తిగా పోతే 30 శాతం. విడివిడిగా చూస్తే రెండూ 40 లోపే. రెండు వైకల్యాలు ఉన్నప్పుడు కలిపే లెక్క వేరు. ఎక్కువ ఉన్న శాతాన్ని అలాగే ఉంచుతారు. దాన్ని 90లోంచి తీసేసి, మిగిలిన అంకెను రెండో శాతంతో గుణించి, 90తో భాగించి, వచ్చినదాన్ని మొదటి శాతానికి కలుపుతారు. 90లోంచి 30 పోతే 60. 60ని 30తో గుణించి 90తో భాగిస్తే 20. మొత్తం 50 శాతం. అర్హత లేదన్న మనిషికి అర్హత వచ్చినట్టే. రెండో సమస్యను ఎవరూ అడగకపోతే, మీరూ చెప్పకపోతే అది లెక్కలోకి రాదు.

అప్పీల్ నిలబడుతుందా?

ఈ ప్రశ్న మిమ్మల్ని మీరు నిజాయితీగా వేసుకోండి. లేని ఆశ పెట్టి పెద్దవాళ్లను మళ్లీ ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టడం మంచిది కాదు.

చూపును కళ్లద్దాలు పెట్టిన తర్వాతే కొలుస్తారు. అద్దాలతో బాగా కనిపిస్తుంటే, అద్దాలు తీస్తే ఏమీ కనపడదన్న వాదన నిలవదు. వినికిడి విషయంలో చట్టం రెండు చెవులనూ చూస్తుంది. రెండిటిలోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే వినికిడి లోపం, 70 దాటితే చెవుడు. ఒక చెవి బాగా వినిపిస్తుంటే కష్టమే. పక్షవాతం లాంటి నరాల సమస్యల్లో మొదలైన ఆరు నెలల తర్వాతే వైకల్యాన్ని అంచనా వేయాలని మార్గదర్శకాల్లో ఉంది. మానసిక అనారోగ్యానికి ఐడియాస్ అనే స్కేల్ వాడతారు. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడడం, పనికి వెళ్లగలగడం అనే నాలుగింటికీ మార్కులు వేసి, జబ్బు ఎన్నాళ్లుగా ఉందో కలుపుతారు. ఇక్కడ స్కానింగ్ కంటే ఇంట్లోవాళ్లు చెప్పే వివరాలే ఎక్కువ పనికొస్తాయి.

ఈ కొలతలన్నీ దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 కింద కేంద్రం 2018లో ప్రకటించి, 2024 మార్చిలో సవరించిన మార్గదర్శకాల్లో ఉన్నాయి. దశాబ్దం కిందట ఇచ్చిన పాత సర్టిఫికెట్‌కు, కొత్తదానికి శాతంలో తేడా రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. కాబట్టి అర్జీలో "పాతదాంట్లో 70 ఉంది" అన్న ఒక్క మాట మీద ఆధారపడొద్దు. ఇప్పటి పరిస్థితి చూపించండి.

కాగితాలు కూడగట్టడం

ఆసుపత్రిలో చేరినప్పటి డిశ్చార్జ్ సమ్మరీ, స్కానింగ్ రిపోర్టులు, ఆపరేషన్ కాగితాలు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, ఫిజియోథెరపీ చేయిస్తుంటే వాళ్ల నోట్సు, ఇవన్నీ తేదీల వరుసలో పెట్టండి. పాత కాగితాలు పోయి ఉంటే చికిత్స చేసిన ఆసుపత్రికి రాతపూర్వకంగా అడగండి. రోగి గానీ ఆయన తరఫున అధికారం ఉన్నవారు గానీ మెడికల్ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి చెబుతోంది. చికిత్స మొదలైనప్పటి నుంచి మూడేళ్ల పాటు వాటిని దాచి ఉంచాలి కూడా.

వీటన్నిటికంటే విలువైనది, ఇప్పుడు చూస్తున్న స్పెషలిస్టు ఇటీవలి తేదీతో రాసిచ్చే ఒక పేజీ నోట్. డాక్టర్‌ను ఊరికే "సర్టిఫికెట్ ఇవ్వండి" అని అడిగితే జబ్బు పేరు, మందుల పేర్లు రాసి ఇస్తారు. మీరు అడగాల్సింది వేరు. "డాక్టర్ గారూ, చెయ్యి ఎంతవరకు లేస్తోంది, కండ బలం ఎంత ఉంది, ఆసరా లేకుండా నడవగలరా, ఇంకా మెరుగయ్యే అవకాశం ఉందా, ఈ నాలుగూ రాయండి" అని అడగండి. ఆ చివరి ప్రశ్న ఎందుకంటే, ఇక మారే అవకాశం లేనప్పుడే శాశ్వత సర్టిఫికెట్ ఇస్తారు. లేదంటే గడువు వేసి తాత్కాలికంగా ఇస్తారు.

ఇక ఇంట్లో మీరు రాయాల్సింది ఒకటుంది. ఒక వారం పాటు అమ్మనో నాన్ననో గమనిస్తూ, పొద్దున లేచినప్పటి నుంచి ఏ పనికి ఎవరి సాయం కావాల్సి వచ్చిందో నోట్‌బుక్‌లో రాయండి. వాళ్లతో ఉండే మనకు అవన్నీ అలవాటైపోయి కంటికి ఆనవు. చొక్కా బొత్తాలు అమ్మే పెడుతుంది. నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు ఊడి వెనకే ఉండిపోయినా నాన్నకు తెలియదు. గ్లాసు నిండా నీళ్లిస్తే చేతిలోంచి జారుతుందని సగమే పోసిస్తాం. బాత్రూం తలుపు గడియ పెట్టుకోవద్దని ఎప్పుడో చెప్పేశాం. వైకల్యం అంటే ఇవే. "ఎడమ వైపు పనిచేయదు" అన్న మాట కంటే ఈ నాలుగు వాక్యాలు డాక్టర్‌కు ఎక్కువ చెబుతాయి. మంచి రోజులు, చెడ్డ రోజులు రెండూ రాయండి. వారంలో ఎన్ని రోజులు బాగోలేదో కూడా రాస్తే నమ్మకం కలుగుతుంది.

అర్జీ ఎలా రాయాలి

ఒక పేజీ చాలు. గ్రామంలో అయితే ఎంపీడీవో గారికి, పట్టణంలో అయితే మున్సిపల్ కమిషనర్ గారికి రాయాలి. అర్జీ పెన్షన్‌దారు పేరు మీదే ఉండాలి, సంతకమో వేలిముద్రో వాళ్లదే ఉండాలి. రాసిపెట్టింది మీరైతే కింద మీ పేరు, వాళ్లకు మీరేమవుతారో, ఫోన్ నంబరు రాయండి.

మధ్యలో ఇలా ఉంటే సరిపోతుంది:

"నా పెన్షన్ ఐడీ, సదరం ఐడీ, ఆధార్ నంబర్లు పైన రాశాను. నా వైకల్యం 40 శాతం కంటే తక్కువని ఫలానా తేదీన నాకు నోటీసు అందింది. ఈ అంచనాతో నేను ఏకీభవించడం లేదు. కారణాలు: ఒకటి, నా ఎడమ చెయ్యి భుజం ఎత్తు దాకా లేవదు, వేళ్లతో వస్తువు పట్టుకోలేను. డాక్టర్ నోట్ జత చేశాను. రెండు, నా కుడి కంటికి చూపు లేదు. పరీక్ష రోజు నన్ను కంటి విభాగానికి పంపలేదు. కాబట్టి నాకు మళ్లీ వైద్య పరీక్ష చేయించి, నా వైకల్యాలన్నిటినీ కలిపి అంచనా వేయించాలని, నిర్ణయం వచ్చేవరకు పెన్షన్ కొనసాగించాలని కోరుతున్నాను."

ఇందులో తిట్లు లేవు, కన్నీళ్లూ లేవు. మీ బాధ నిజమే, కానీ అర్జీ చదివే మనిషికి కావాల్సింది ఏది తప్పు, దానికి ఆధారం ఏది, మీకేం కావాలి అన్న మూడే. పరీక్ష చేసిన డాక్టర్ లంచం అడిగారనో, అసలు ముట్టుకుని చూడలేదనో ఫిర్యాదు ఉంటే అది వేరే కాగితం మీద రాయండి. రెండూ కలిపితే మొదటిది పక్కకు పోతుంది.

జత చేయాల్సినవి: నోటీసు, పాత, కొత్త సదరం సర్టిఫికెట్లు, ఆధార్, డాక్టర్ నోట్, రిపోర్టులు. అన్నీ జిరాక్సులే ఇవ్వండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. రెండు సెట్లు తీసుకెళ్లి, రెండోదాని మీద తేదీతో, ముద్రతో అందినట్టు సంతకం పెట్టించుకోండి. "ఇచ్చి వెళ్లండి, చూస్తాం" అంటే మర్యాదగానే, కానీ గట్టిగా రశీదు అడగండి. ఇవ్వకపోతే అదే అర్జీని స్పీడ్ పోస్ట్‌లో పంపి ఆ రశీదు దాచండి. గ్రామ, వార్డు సచివాలయంలోని వెల్ఫేర్ అసిస్టెంట్‌కు కూడా ఒక కాపీ ఇచ్చి, అప్పీల్ ఆన్‌లైన్‌లో నమోదైందో లేదో అడిగి తెలుసుకోండి.

తెలంగాణలో చేయూత పెన్షన్ దివ్యాంగులకు 4,016 రూపాయలు. అక్కడ 2025 నుంచి సర్టిఫికెట్ల పని దివ్యాంగుల గుర్తింపు కార్డులిచ్చే కేంద్ర ప్రభుత్వ యూడీఐడీ పోర్టల్‌కు మారింది. ఆఫీసులు, పోర్టల్ వేరైనా కాగితాలు కూడగట్టే తీరు, పరీక్షకు సిద్ధం చేసే తీరు ఒకటే.

ఒక హెచ్చరిక. అప్పీళ్ల సమయంలో "శాతం పెంచిస్తాం" అంటూ బ్రోకర్లు వస్తారు. ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. మోసం చేసి దివ్యాంగుల ప్రయోజనం పొందితే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. డబ్బు తీసుకున్నవాడు తప్పించుకుంటాడు, సర్టిఫికెట్ మీద పేరు మాత్రం మీ నాన్నదే ఉంటుంది.

మళ్లీ పరీక్ష రోజు

అప్పీళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అందుకు కారణం చాలాసార్లు మన పెద్దవాళ్ల మంచితనమే.

డాక్టర్ "ఎలా ఉందమ్మా?" అని అడుగుతారు. అమ్మ "పర్లేదు బాబూ, బాగానే ఉన్నా" అంటుంది. జీవితమంతా ఎవరు అడిగినా అదే చెప్పింది మరి. "నడవగలరా?" అంటే నాన్న "ఆ, నడుస్తా" అంటారు. గోడ పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగి నడుస్తారని చెప్పరు. నలుగురి ముందు చేతకానివాణ్ని అనిపించుకోవడం ఆయనకు ఇష్టం ఉండదు. ఆ గదిలో ఉండేది కొద్ది నిమిషాలు. బయట క్యూ ఉంటుంది. ఆ రెండు మాటలే కాగితం మీదికి ఎక్కుతాయి.

కాబట్టి ముందు రోజు కూర్చుని మాట్లాడండి. అబద్ధం చెప్పమని కాదు, దాచకుండా చెప్పమని. "నాన్నా, రేపు మీరు చేయగలిగేది కాదు, చేయలేనిది చెప్పాలి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు" అని చెప్పండి. నోట్‌బుక్‌లో రాసినవి చదివి వినిపించి, "ఇవి నిజమేనా?" అని అడగండి. విన్నాక చాలామంది ఇంకో రెండు కష్టాలు తామే చెబుతారు, అంతవరకు మీకూ తెలియనివి. వాళ్లు బాధపడితే కాసేపు ఆగండి. ఈ సంభాషణ కాస్త కష్టంగానే ఉంటుంది.

రోజూ వాడే చేతికర్ర, వాకర్, వినికిడి మిషన్, కళ్లద్దాలు వెంట తీసుకెళ్లండి. రోజూ వాడని చక్రాల కుర్చీలో ఆ ఒక్క రోజు కూర్చోబెట్టొద్దు. రోజూ వేసుకునే మందులు మాన్పించొద్దు. శబ్దం వినగానే బటన్ నొక్కే వినికిడి పరీక్షలో (ఆడియోమెట్రీ), వినబడుతున్నా నొక్కకుండా కూర్చోమని అసలే చెప్పొద్దు. ఆడియోమెట్రీలో తేడా కనిపిస్తే బెరా పరీక్ష చేస్తారు. అందులో మెదడు స్పందనే తెలిసిపోతుంది, మనిషి దాచేదేమీ ఉండదు. ఒకచోట అతి చేస్తే నిజంగా ఉన్న కష్టం కూడా నమ్మరు.

మీరు వెంట లోపలికి వెళ్లండి. సమాధానం ముందు వాళ్లను చెప్పనివ్వండి. "బాగానే ఉన్నా" అని ఆగిపోతే అప్పుడు "డాక్టర్ గారూ, స్నానం చేయించేది నేనే, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టలేరు" అని చిన్నగా అందించండి. రెండో వైకల్యం ఉంటే ఆ విభాగానికి కూడా పంపమని అక్కడే అడగండి. తేదీ, ఆసుపత్రి, ఏ విభాగాల్లో చూశారు, ఏమేం పరీక్షలు చేశారు అన్నవి బయటికి రాగానే ఫోన్‌లో రాసుకోండి. మంచం మీంచి కదల్లేని మనిషైతే ఆ సంగతి ముందే అర్జీలో రాసి, ఇంటి దగ్గరే పరీక్ష చేయమని కోరండి.

మళ్లీ కాదంటే

కారణం రాతపూర్వకంగా అడగండి. సర్టిఫికెట్ ఇవ్వలేమని తేల్చినప్పుడు కారణాలతో తెలియజేయడానికి దివ్యాంగుల హక్కుల నిబంధనల్లో ప్రత్యేకంగా ఒక ఫారం ఉంది. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పరీక్ష వివరాలు, కొలతలు వేసిన పత్రం నకలు అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. ఆ పత్రం చూస్తే ఏ కదలికకు ఎంత వేశారో, ఏది ఖాళీగా వదిలేశారో తెలుస్తుంది. మరో స్పెషలిస్టుకు చూపించి అభిప్రాయం తీసుకోవచ్చు.

సర్టిఫికెట్ ఇచ్చే అధికారి నిర్ణయం మీద, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అప్పీలు అధికారి దగ్గరికి వెళ్లే హక్కును 2016 చట్టంలోని 59వ సెక్షన్ ఇచ్చింది. మీ అర్జీలో ఆ సెక్షన్ పేరు రాయండి. జిల్లాలో ఆ అధికారి ఎవరన్నది దివ్యాంగుల సంక్షేమ శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ ఆఫీసులో అడగండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే నంబరు ఇస్తారు, దాన్ని వెంబడించొచ్చు. హక్కులకు భంగం కలిగిందనుకుంటే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

లాయర్ అవసరమైతే ఖర్చుకు భయపడి ఆగిపోవద్దు. దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. హైకోర్టులో రిట్ వేయాల్సి వచ్చినా దారి అక్కడి నుంచే మొదలవుతుంది. మీరు ఇన్నాళ్లూ దాచిన రశీదులు, తేదీలు లాయర్‌కు అప్పుడు పనికొస్తాయి.

శాతం పెరిగి కొత్త సర్టిఫికెట్ వస్తే దాన్ని సచివాలయంలో ఇచ్చి, పెన్షన్ రికార్డులో ఎక్కిందో లేదో అడగండి. సర్టిఫికెట్ శాశ్వతమో తాత్కాలికమో చూడండి. తాత్కాలికమైతే గడువు తేదీకి మూడు నెలల ముందు ఫోన్‌లో అలారం పెట్టుకుని, అప్పుడే సదరం స్లాట్ కోసం అడగడం మొదలుపెట్టండి. స్లాట్లు అడిగిన వెంటనే దొరకవు.